ఇంగ్లండ్ పల్లెలో మూడు కేబిన్లకు ప్లానింగ్ అనుమతి: మా అనుభవం

ఇంటి వెనక ఉన్న రెండెకరాల పచ్చికలో మూడు చెక్క కేబిన్లు పెట్టి, సెలవులకు వచ్చేవాళ్లకు అద్దెకు ఇచ్చుకోవడానికి మాకు స్థానిక కౌన్సిల్ నుంచి ప్లానింగ్ అనుమతి వచ్చింది. అడగడం మొదలుపెట్టింది 2023 అక్టోబరులో. కాగితం చేతికి వచ్చింది 2025 జనవరి 20న. ఇది రాస్తున్నది 2025 ఏప్రిల్ మధ్యలో, ఇంకా ఒక్క కేబిన్ కూడా మా గేటు దాటి లోపలికి రాలేదు. ఇక్కడి పల్లెల్లో ఇళ్లు కొంటున్న మనవాళ్లలో చాలామందికి, వెనక కాస్త జాగా కనపడగానే ఇదే ఆలోచన వస్తోంది. ఫోన్ చేసి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కనుక జరిగింది జరిగినట్టు వరసగా రాస్తున్నాను. మాది వేల్స్ సరిహద్దు ఛాయల్లో ఉన్న చిన్న ఊరు: ఒక చర్చి, ఒక పబ్బు, వారానికి రెండు రోజులు వచ్చే బస్సు. అంతకు మించి ఊరి పేరు, కౌన్సిల్ పేరు చెప్పను. ఇంకా అక్కడే బతకాలి.

మొదటి మెట్టు ప్రీ-అప్లికేషన్ సలహా. అసలు దరఖాస్తుకు ముందే డబ్బు కట్టి, ఇలా చేయాలనుకుంటున్నాం, మీరేమంటారు అని కౌన్సిల్‌ను అడగడం. మా దగ్గర దానికి 280 పౌండ్లు. 28 రోజుల్లో జవాబు ఇస్తామని రాసి ఉంటుంది. అక్టోబరు 16న కడితే జనవరి 11న వచ్చింది. రెండు పేజీలు. మేం అడిగిన నాలుగు కేబిన్లు ఎక్కువ, ఓక్ చెట్టు వేళ్లకు దగ్గరవుతున్నాయి, మూడైతే ఆలోచించవచ్చు అన్నది సారాంశం. ఆ రెండు పేజీల్లో ఎక్కడా కేబిన్ అన్న మాట లేదు, అంతా కారవాన్ (బండికి తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) అనే ఉంది. వేరేవాళ్ల జవాబు మాకు పంపేశారేమో అనుకున్నాం.

తర్వాత మేం పెట్టుకున్న ప్లానింగ్ ఏజెంట్ (మన తరఫున దరఖాస్తు నడిపించే నిపుణుడు) విడమరచి చెప్పారు. 1960, 1968 చట్టాల ప్రకారం, రెండు ముక్కలుగా తెచ్చి స్థలంలో బోల్టులతో కలిపేది, కలిపాక కూడా రోడ్డు మీద తరలించడానికి వీలైనది ఏదైనా కారవానే. 20 మీటర్ల పొడవు, 6.8 మీటర్ల వెడల్పు, లోపల 3.05 మీటర్ల ఎత్తు మించకూడదు. కింద చక్రాలు కనిపించాలన్న నియమం లేదు. ఆ కొలతల్లో ఉంటే మనం అడగాల్సింది భవనం కట్టడానికి అనుమతి కాదు, భూమి వాడకం మార్చుకోవడానికి అనుమతి. అప్పటి లెక్కన దాని రుసుం 578 పౌండ్లు, మీద దరఖాస్తు పంపే వెబ్‌సైటు (పోర్టల్) సేవా రుసుం. కాబట్టి కేబిన్ తయారీదారు బొమ్మల పుస్తకం చూసి మోజు పడే ముందు ఈ కొలతలు దగ్గర పెట్టుకోండి. మేం ముచ్చటపడ్డ నమూనా ఎత్తులో పది సెంటీమీటర్లు ఎక్కువై పక్కకు పోయింది.

గుంటూరులో ఉన్న నాన్నకు ఈ వ్యవహారం మొదటి నుంచీ మింగుడుపడలేదు. "మన నేలలో మనం గది వేసుకోవడానికి ఊళ్లోవాళ్లను అడగడమేమిటమ్మా? అక్కడి సర్పంచిని ఒకసారి కలిసి మాట్లాడుకోకూడదూ?" అనేవారు. ఆ మాటే ఏజెంట్‌కు చెబితే కంగారుపడ్డారు. దరఖాస్తు మీద ఓటు వేసే కౌన్సిల్ కమిటీలో కూర్చునే సభ్యులు ముందే ఒక నిర్ణయానికి వచ్చినట్టు కనిపించకూడదు. విడిగా కలిసి నచ్చజెప్పబోతే, మన వైపు ఉన్న సభ్యుడే ఆ రోజు ఓటు వేయకుండా లేచి వెళ్లిపోవాల్సి రావచ్చు. చెప్పుకోవాల్సింది ఏదైనా కాగితం మీద, అందరికీ ఒకేలా పంపాలి. ఏజెంట్ తొలి రోజే ఇంకో మాట కూడా అన్నారు: "మీ కేబిన్లు ఎంత అందంగా ఉంటాయో ఎవరికీ పట్టదు. కారు ఎలా బయటికి వస్తుంది, మురుగు ఎటు పోతుంది, ఆ గడ్డిలో ఏముంది. ఈ మూడింటికి జవాబులు సిద్ధం చేసుకోండి." ఆయన ఫీజు 2,400 పౌండ్లు. అది దండుగ అని మా ఆయన నాలుగు నెలలు సణిగారు. ఆగస్టు తర్వాత సణగలేదు.

మురుగు పరీక్ష మార్చిలో చేశాం. మా ఊరికి మురుగు కాలువ లేదు, కేబిన్ల నుంచి వచ్చేదాన్ని చిన్న శుద్ధి యూనిట్‌లోకి పంపి, శుద్ధయిన నీటిని నేలలోకి ఇంకించాలి. నేల ఎంత వేగంగా ఇంకించుకుంటుందో ముందు నిరూపించాలి. పచ్చికలో రెండు చోట్ల గోతులు తీసి, వాటి అడుగున 30 సెంటీమీటర్ల చదరపు గుంట, అంతే లోతున తవ్వారు. ముందు రోజు నిండా నీళ్లు పోసి రాత్రంతా ఇంకనివ్వాలి. మర్నాడు మళ్లీ నింపి, నీళ్లు ముప్పావు మట్టం నుంచి పావు మట్టానికి దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. ఆ సంఖ్యను 150తో భాగిస్తే వచ్చేది 12కూ 100కూ మధ్య ఉండాలి. అంతకంటే తక్కువైతే మురుగు సరిగా శుభ్రపడకుండానే భూగర్భ జలాల్లోకి దిగిపోతుంది, ఎక్కువైతే అసలు ఇంకదు. ప్రతి గుంటలోనూ మూడేసి సార్లు ఇది చేయాలి. మాది బంకమట్టి. ఒక్కోసారి దాదాపు మూడు గంటలు పట్టింది. మార్చి చలిలో మడత కుర్చీ వేసుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్, చేతిలో స్టాప్‌వాచ్‌తో మా ఆయన ఆఫీసు మీటింగులన్నీ గుంట పక్కనే కానిచ్చారు. సగటు 71 వచ్చింది. పెళ్లిచూపుల్లో ఒప్పుకున్నప్పుడు కూడా ఆయన ముఖంలో అంత ఆనందం చూడలేదు. పరీక్ష, నివేదిక కలిపి 640 పౌండ్లు.

మే నెలలో ఎకాలజిస్టు (ప్రకృతి నిపుణురాలు) వచ్చారు. ఒక మీటరు చదరపు చట్రాన్ని గడ్డి మీద పడేసి, మోకాళ్ల మీద కూర్చుని, అందులో ఎన్ని జాతుల మొక్కలున్నాయో లెక్కపెడుతూ పోయారు. మాకు అంతా ఒకే గడ్డి. ఆమె చేతిలో మాత్రం పచ్చిక మధ్య భాగం మామూలు మేత గడ్డిగా, పొదల కంచె వెంట ఉన్న పట్టీ అంతకంటే విలువైనదిగా తేలింది. ఈ లెక్క ఎందుకంటే, 2024 ఏప్రిల్ 2 నుంచి చిన్న స్థలాలకు కూడా జీవవైవిధ్య లాభం నియమం అమల్లోకి వచ్చింది: పని మొదలుపెట్టకముందు ఆ నేలలో ఉన్న ప్రకృతి విలువ కంటే, పని అయ్యాక కనీసం 10 శాతం ఎక్కువ ఉండేలా చూపించాలి, దాన్ని 30 ఏళ్లు కాపాడాలి. కౌన్సిల్ జవాబు చెప్పిన గడువుకే వచ్చి ఉంటే మా దరఖాస్తు ఏప్రిల్‌కు ముందే పడేది, ఈ బెడద ఉండేది కాదు. ఇది తలచుకున్నప్పుడల్లా ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ముందే గడ్డి దున్నేసి, ఇక్కడేమీ లేదు అనేయొచ్చు కదా అని మాకు సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. 2020 జనవరి 30 తర్వాత పాడుచేసిన నేల అయితే, పాడుచేయక ముందున్న స్థితినే లెక్కలోకి తీసుకుంటారు. పాత ఆకాశ చిత్రాలు వాళ్ల దగ్గర ఉంటాయి. ఎకాలజిస్టుకు 1,150 పౌండ్లు, స్థలం సర్వేకు 750.

జూన్ 10న దరఖాస్తు పంపాం. నాలుగు రోజులకే చెల్లదని తిరిగి వచ్చింది. పటంలో మా స్థలం చుట్టూ గీసే ఎర్ర గీత ప్రజా రహదారిని తాకాలట. డ్రాఫ్ట్స్‌మన్ గీసిన గీత గేటు దగ్గర ఆగిపోయింది, గేటుకూ రోడ్డుకూ మధ్య నాలుగు అడుగుల గడ్డి బయటే ఉండిపోయింది. సరిచేసి పంపాక జూలై 1న చెల్లుబాటైంది. అక్కడి నుంచి ఎనిమిది వారాల్లో నిర్ణయం చెప్పాలి. ఆగస్టు 26 అవుతుంది. క్యాలెండరులో గుర్తు పెట్టుకున్నాను. అది బ్యాంకు సెలవు, అంటే ఇక్కడ అందరికీ సెలవు, అని ఏజెంట్ నవ్వారు. ఆ నవ్వు సెలవు గురించి కాదని తర్వాత తెలిసింది.

జూలై మొదటి వారంలో కౌన్సిల్ మనిషి వచ్చి మా ఇంటి ఎదుటి టెలిఫోన్ స్తంభానికి నోటీసు కట్టి వెళ్లాడు. 21 రోజుల్లో ఎవరైనా అభిప్రాయం చెప్పవచ్చు. చెప్పినవన్నీ పేరు, చిరునామాతో సహా కౌన్సిల్ వెబ్‌సైటులో కనిపిస్తాయి. దీనికి మనసును సిద్ధం చేసుకోమని ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతున్నాను. రాత్రి పడుకునే ముందు ఆ పేజీ తెరవకండి. నేను తెరిచేదాన్ని. ముప్పైకి పైగా లేఖలు, అందులో మమ్మల్ని సమర్థించినవి మూడు: పబ్బు నడిపే ఆమె, సెలవు ఇళ్లు శుభ్రం చేసే పని చేసుకునే ఒక పెద్దావిడ, ఎప్పుడూ మాట్లాడని ఒక రైతు. మిగిలినవి శబ్దం గురించి, కార్ల హెడ్‌లైట్ల గురించి, నక్షత్రాలు కనపడకుండా పోతాయని, ఇళ్ల ధరలు పడిపోతాయని, కిటికీలోంచి కనిపించే కొండ పాడవుతుందని, ఇవాళ మూడంటే రేపు ముప్పై అంటారని. ఒక లేఖలో రెండు వాక్యాలను కౌన్సిల్‌వాళ్లే నల్లగా కొట్టేశారు. అందులో ఏముందో నాకు తెలియదు, ఊహించుకోవడం కూడా మానేశాను.

నొప్పి పెట్టింది కటువైన లేఖలు కావు. మాకు నిచ్చెన ఎరువిచ్చే పక్కింటాయన రాసిన నాలుగు పేజీలు. ఎంతో మర్యాదగా, పేరా పేరాకూ అంకె వేసి, "ఈ కుటుంబం అంటే మాకు గౌరవం" అని మొదలుపెట్టి, మా ప్రతిపాదనలో ఒక్క మేకు కూడా మిగలకుండా పీకేశారు. మర్నాడు ఉదయం చెత్త డబ్బా బయట పెడుతూ ఎదురుపడ్డారు. ఇద్దరం వాన గురించి మాట్లాడుకున్నాం.

ఒక్కొక్కరికీ జవాబు రాయాలని నా చేతులు దురద పెట్టాయి. ఏజెంట్ వద్దన్నారు. ఇంటి ధర, సొంత కిటికీలోంచి కనిపించే దృశ్యం ప్లానింగ్ లెక్కలోకి రావు. శబ్దం, వెలుతురు, రాకపోకలు, నేల స్వభావం వస్తాయి. లెక్కకు వచ్చే విషయాలను మాత్రం ఏరి, ఒక్కోదానికి రెండు వాక్యాల జవాబుతో ఒక పట్టిక పంపారు. నేను రాసి పెట్టుకున్న ఏడు పేజీలు ఇప్పటికీ కంప్యూటర్‌లో ఉన్నాయి. మేం ఈ ఊరికి ఎందుకు వచ్చాం, పిల్లలు ఇక్కడి బడిలో ఎలా కలిసిపోయారు, అవన్నీ. ఆ ప్రక్రియలో వాటిని పెట్టుకోవడానికి గడి లేదు.

జూలై 16న పారిష్ కౌన్సిల్ (మన ఊరి పంచాయతీ లాంటిది) సమావేశం. మామూలుగా నలుగురు వస్తే గొప్ప, ఆ సాయంత్రం విలేజ్ హాల్లో కుర్చీలు చాలలేదు. మాట్లాడటానికి నాకు మూడు నిమిషాలు ఇచ్చారు. నా తర్వాత లేచిన ప్రతి ఒక్కరూ హాట్ టబ్బుల (ఆరుబయట పెట్టే వేడినీళ్ల తొట్ల) గురించే మాట్లాడారు. పక్క లోయలో ఎక్కడో అద్దె ఇళ్లలో హాట్ టబ్బులు పెట్టారట, అర్ధరాత్రి దాకా కేకలట. మా పటాల్లో హాట్ టబ్బే లేదు. లేదని చెప్పాను. "ఇప్పుడు లేదు" అన్నారు వెనక వరసలోంచి. అయిదుగురు వద్దన్నారు, ఇద్దరు సరేనన్నారు, పారిష్ అభ్యంతరం నమోదైంది. పంచాయతీ కాదందంటే ఇక అయిపోయినట్టే కదా అని నాన్న నిట్టూర్చారు. ఇక్కడ పారిష్‌ది అభిప్రాయం మాత్రమే, నిర్ణయం పైనున్న కౌన్సిల్‌ది. కానీ దాని ఫలితం వేరేగా తగిలింది. మామూలుగా ఇలాంటి చిన్న దరఖాస్తును ప్లానింగ్ ఆఫీసరే తేల్చేస్తారు. ఊరి గొడవ చూసి మా వార్డు సభ్యుడు దీన్ని కమిటీ ముందు పెట్టాలని కోరారు.

ఊరంతా హాట్ టబ్బుల మీద కొట్టుకుంటుంటే, మమ్మల్ని నిజంగా ముంచబోయింది ఆగస్టు 2న వచ్చిన ఒక పేజీ లేఖ. రహదారుల విభాగం అభ్యంతరం. మా ఇంటి ముందు దారి ఒక కారు పట్టేంత సందు, రెండు పక్కలా మనిషెత్తు పొదల కంచె. కానీ కాగితం మీద దాని వేగ పరిమితి గంటకు 60 మైళ్లు. ఆ వేగానికి మా గేటులోంచి బయటికి వచ్చే డ్రైవరుకు రెండు వైపులా 215 మీటర్లు కనిపించాలి. మా దారి 215 మీటర్ల లోపలే రెండు వంపులు తిరుగుతుంది. అక్కడ 60లో పోవాలంటే ట్రాక్టరుకు రెక్కలు రావాలి. ఆ సంగతి రాసిన ఆఫీసరుకూ తెలుసు, ఫోన్లో ఒప్పుకున్నారు కూడా. అయితే నిజ వేగం ఎంతో కొలిచి చూపించండి అన్నారు.

కొలవడానికి కుదరదు, బడి సెలవులు. సెలవుల్లో రాకపోకలు మామూలుగా ఉండవు కాబట్టి ఆ లెక్కలు తీసుకోరు. సెప్టెంబరు దాకా కూర్చున్నాం. ఆగస్టు 26 వచ్చింది, పోయింది. దానికి ముందే గడువు పొడిగింపు ఒప్పందం మీద సంతకం పెట్టమని కౌన్సిల్ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఇక్కడ ఒక మాట. మాలాంటి చిన్న దరఖాస్తు 16 వారాల్లో తేలకపోతే కట్టిన రుసుం తిరిగి ఇవ్వాలన్న నియమం ఉంది. పొడిగింపుకు ఒప్పుకుంటే ఆ హక్కు పోతుంది. ఒప్పుకోకపోతే, ఉన్న కాగితాల మీదే నిర్ణయం రాసేయవచ్చు, అంటే తిరస్కరణ. సంతకం పెట్టాం. తర్వాత డిసెంబరు దాకా, ఆ తర్వాత జనవరి దాకా మళ్లీ మళ్లీ పెట్టాం.

సెప్టెంబరు 9 నుంచి వారం పాటు దారికి అడ్డంగా రెండు నల్లటి రబ్బరు గొట్టాలు పరిచారు. దాటిన ప్రతి బండి వేగం నమోదవుతుంది. 420 పౌండ్లు. నూటికి 85 బండ్లు 31 మైళ్లకు మించి పోవడం లేదని తేలింది. ఆ వేగానికి 45 మీటర్లు కనిపిస్తే చాలు. 215 ఎక్కడ, 45 ఎక్కడ! ఆ రోజు పాయసం వండాను. మర్నాడు పటం మీద 45 మీటర్ల గీత గీస్తే, కుడివైపు గీత 32వ మీటరు దగ్గర పక్కింటాయన పొదల కంచెలోకి దూరింది. నాలుగు పేజీల లేఖ రాసిన ఆయనే. ఆ కంచె కత్తిరించి ఉంచే హక్కు మాకు లేకపోతే ఆ చూపు మాది కాదు. వెళ్లి అడిగాం. తలుపు తీసి, టీ ఇచ్చి, కాదన్నారు. ఆయన స్థానంలో ఉంటే నేనూ కాదనేదాన్నేమో.

గేటును పడమటికి 11 మీటర్లు జరపాలి, వేరే దారి లేదు. జరిపితే చూపు మొత్తం మా హద్దులోనే పడుతుంది. కానీ మా సొంత కంచెలో కొంత పీకేయాలి. రహదారుల విభాగం సరేనంది. వారానికి అదే కౌన్సిల్‌లోని పర్యావరణ విభాగం నుంచి లేఖ: కంచె ముట్టుకోవద్దు. ఒకే కార్యాలయంలో రెండు బల్లలు, మధ్యలో మేం. జీవవైవిధ్య లెక్కలో కంచెల ఖాతా వేరు, గడ్డి ఖాతా వేరు. ఎంత పూలగడ్డి నాటినా పోయిన కంచెకు చెల్లు కాదు. చివరకు పాత గేటు మూసేసి అక్కడ కంచె పెంచడం, కొత్త గేటు చూపు గీత వెనక మరో 30 మీటర్ల కొత్త కంచె నాటడం అన్న లెక్కతో రెండు బల్లలూ ఒప్పుకున్నాయి. ఎకాలజిస్టుకు మరో 300. సవరించిన పటాల మీద ఊరివాళ్లకు మళ్లీ 14 రోజుల గడువు, మళ్లీ లేఖలు. ఈసారి చదవలేదు, మా ఆయన చదివి ఒక్క వాక్యంలో చెప్పేవారు: "హాట్ టబ్బే."

డిసెంబరు 11న కమిటీ. ఆఫీసరు నివేదిక వారం ముందే బయటికి వచ్చింది, అనుమతి ఇవ్వవచ్చని సిఫారసు. ఆ పేజీ చూసి ఏడ్చాను. గ్రామీణ ప్రాంతాల స్వభావాన్ని గౌరవించే పర్యాటకాన్ని ప్రోత్సహించాలన్న జాతీయ విధానం 88వ పేరా ఆ నివేదికకు వెన్నెముక. తీరా కమిటీలో ఒక సభ్యురాలు తాను ఆ దారి ఎప్పుడూ చూడలేదని, చూడకుండా ఓటు వేయలేనని అన్నారు. ఇంకొకరు బలపరిచారు. పది నిమిషాల్లో వాయిదా. నేను మాట్లాడనే లేదు. మర్నాడు, డిసెంబరు 12న, ప్రభుత్వం ఆ జాతీయ విధానాన్నే కొత్తగా మార్చి ప్రచురించింది. ఆఫీసరు నివేదిక మళ్లీ సరిచూసుకోవాల్సి వచ్చింది. అదృష్టం బాగుండి మాకు పనికొచ్చే పేరా అదే అంకెతో, అదే చోట ఉంది.

జనవరి 13న సభ్యులు స్థలం చూడటానికి వచ్చారు. వాన, బురద. ఫ్లాస్కులో టీ, పళ్లెంలో బిస్కెట్లు సిద్ధం చేశాను. ఏమీ ముట్టుకోరని ఆఫీసరు గేటు దగ్గరే మెల్లగా చెప్పారు. అర్జీదారు దగ్గర ఆతిథ్యం తీసుకోకూడదు, అర్జీదారుతో మాట్లాడకూడదు. ఇంటికి వచ్చిన పదిమంది తడుస్తూ నిలబడితే మంచినీళ్లయినా ఇవ్వకుండా చేతులు కట్టుకుని చూడటం నాకు ఆ ప్రక్రియ మొత్తంలో అతి కష్టమైన అరగంట. వాళ్లు కొత్త గేటు చోట వంగి, ఎడమకీ కుడికీ చూసి, వెళ్లిపోయారు.

రెండు రోజులకు, జనవరి 15న, మళ్లీ కమిటీ. అభ్యంతరం చెప్పేవాళ్లందరికీ కలిపి మూడు నిమిషాలు, పారిష్‌కు మూడు, మాకు మూడు. బల్ల మీద దీపం ఉంటుంది: పచ్చ, పసుపు, ఎరుపు. ఎరుపు వెలిగితే వాక్యం మధ్యలో ఉన్నా ఆపాలి. ఏజెంట్ సలహా మీద నేనే మాట్లాడాను. దానికి సిద్ధం చేయించినందుకు, ఆ రోజు పక్కన కూర్చున్నందుకు ఆయన మరో 350 తీసుకున్నారు. మురుగు సంఖ్య 71, వేగం 31, చూపు 45, కొత్త కంచె 30 మీటర్లు, హాట్ టబ్బులు వద్దన్న షరతు పెట్టండి, మాకు సమ్మతమే. పిల్లల సంగతి, ఊరి మీద ప్రేమ సంగతి ఎత్తలేదు. తర్వాత సభ్యుల చర్చ. అప్పుడు మనం నోరు మెదపకూడదు. ఒకాయన కేబిన్లు రెండంతస్తులని అనుకుంటున్నట్టు మాట్లాడారు. కుర్చీ అంచున కూర్చుని మా ఆయన మోచేతిని గిల్లుతూ ఉండిపోయాను. రెండు నిమిషాల తర్వాత ఆఫీసరు ఒకే అంతస్తని సరిదిద్దారు. ఆ రెండు నిమిషాల్లో ఓటు జరిగి ఉంటే ఏమయ్యేదో. ఆరుగురు అవునన్నారు, నలుగురు కాదన్నారు. సభాధ్యక్షుడు వెంటనే తర్వాతి అంశం, ఎవరిదో గొడ్లపాక, చదవడం మొదలుపెట్టారు. చప్పుడు చేయకుండా కుర్చీలు సర్ది బయటికి వచ్చాం.

జనవరి 20న వచ్చిన అనుమతి పత్రంలో 14 షరతులు. మూడేళ్లలోగా పని మొదలుపెట్టాలి. సెలవు విడిదిగానే వాడాలి, ఎవరికీ శాశ్వత నివాసం కాకూడదు, వచ్చినవాళ్ల పేర్లు, అసలు ఇంటి చిరునామాలు రిజిస్టరులో రాసి అడిగినప్పుడు చూపాలి. బయట దీపాలు కిందికే వెలుతురు పడేలా ఉండాలి. హాట్ టబ్బులు నిషిద్ధం, అది అయిదో షరతు. పచ్చిక మిగతా భాగాన్ని 30 ఏళ్లు పూలగడ్డిగా ఉంచాలి, ఏ నెలలో కోయాలో, కోసిన గడ్డి ఎక్కడ వేయాలో కూడా ప్రణాళికలో ఉంది. అది ముగిసేసరికి నాకు 74 ఏళ్లు వస్తాయి.

అనుమతి వచ్చింది కదా అని వెంటనే కేబిన్లకు అడ్వాన్సు కట్టేయకండి. అభ్యంతరం చెప్పినవాళ్లకు అప్పీలు హక్కు లేదు కానీ, నిర్ణయ ప్రక్రియలో లోపం ఉందంటూ ఆరు వారాల్లోగా కోర్టును ఆశ్రయించవచ్చు. మార్చి 3 దాకా ఆగాం. ఎవరూ వెళ్లలేదు. ఈలోగా, పనికి ముందే తీర్చాల్సిన షరతుల వివరాలు కౌన్సిల్‌కు పంపాం. ఒకే అర్జీలో ఎన్ని షరతులు పెట్టినా రుసుం ఒకటే, 145 పౌండ్లు. 2025 ఏప్రిల్ 1 నుంచి అది 298 అయింది కనుక మార్చిలోనే పంపడం కలిసొచ్చింది. మొత్తం మీద, ఒక్క మేకు కొట్టకముందే 7,000 పౌండ్ల పైన ఖర్చయింది. అందులో కౌన్సిల్‌కు నేరుగా వెళ్లింది వెయ్యికి కాస్త ఎక్కువ. మిగిలిందంతా నివేదికలకు, ఏజెంట్‌కు.

ఊళ్లో వాతావరణం ఫర్వాలేదు. పక్కింటాయన మళ్లీ పలకరిస్తున్నారు, వాన వరకే. లేఖలు రాసినవాళ్లలో ఇద్దరు, తమ బంధువులు వస్తే కేబిన్ రాయితీకి ఇస్తారా అని అడిగారు. ఇస్తామన్నాం.

ఇప్పుడు కారవాన్ సైటు లైసెన్సు కోసం ఎదురుచూస్తున్నాం. ప్లానింగ్ అనుమతి ఉంటే రెండు నెలల్లో ఇవ్వాలి, సెలవు విడిది స్థలాలకు దీనికి రుసుం లేదు. కేబిన్‌కూ కేబిన్‌కూ మధ్య 6 మీటర్ల ఎడం కచ్చితంగా ఉండాలి, పటం గీయించేటప్పుడే చూసుకోండి. ఇది కాక, కేబిన్ సగం ముక్కను లారీ మీద తేవాలంటే దారి ఒక పూట మూయాలి. దానికి 12 వారాల ముందు వేరే దరఖాస్తు. నిన్న టేపు పట్టుకుని దారి కొలిచాం. ఇరుకైన చోట, పెరిగిన పొదల మధ్య, 2.9 మీటర్లు. లారీ మీది ముక్క వెడల్పు 3.05. పొదలు కత్తిరిస్తే సరిపోతుంది కానీ, పక్షులు గూళ్లు కట్టే కాలం, ఆగస్టు ఆఖరు దాకా కత్తెర పెట్టకూడదు. తయారీదారుకు ఫోన్ చేసి సెప్టెంబరు రెండో వారానికి మార్చుకున్నాం.